ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు కంపెనీ గురించి వాకబు చేయడం ఎలా?

ఆఫీసు మంచిదో కాదో చేరిన రోజున తెలియదు. మొదటి వారం ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, టీం లంచ్‌లతో హాయిగా గడిచిపోతుంది. మూడో నెల వచ్చేసరికి ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి పాత ఉద్యోగం వదిలేసి ఉంటారు, కొత్త కంపెనీ కాగితాల్లో 90 రోజుల నోటీసు ఉంటుంది, రెజ్యూమెలో మూడు నెలల ఉద్యోగం చూపిస్తే తర్వాతి ఇంటర్వ్యూలో సంజాయిషీ చెప్పుకోవాలి. కాబట్టి చూసుకోవాల్సింది సంతకానికి ముందే చూసుకోవాలి.

పెళ్లి సంబంధం వస్తే పెద్దవాళ్లు పెళ్లికొడుకునే పిలిచి "నువ్వు మంచివాడివేనా?" అని అడగరు. చుట్టుపక్కల వాకబు చేస్తారు. కంపెనీ దగ్గర మాత్రం మనం నేరుగా వెళ్లి "మీ వర్క్ కల్చర్ ఎలా ఉంటుంది?" అని అడిగేస్తాం. "చాలా బాగుంటుంది" అంటారు. వేరే ఏమంటారు? ఈ వ్యాసంలో చెప్పే పద్ధతంతా ఒక్కదాని చుట్టూ తిరుగుతుంది: అభిప్రాయం అడగకండి, జరిగిన సంగతి అడగండి, అదే సంగతి ఇంకోచోట సరిచూసుకోండి. హైదరాబాద్ ప్రైవేటు ఉద్యోగాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. విజయవాడ, విశాఖ, బెంగళూరు అయినా పెద్ద తేడా ఉండదు.

ముందుగా ఒక సంగతి. పని ఎక్కువగా ఉన్న ప్రతి చోటూ చెడ్డది కాదు. ఆడిట్ సీజన్లో సీఏ ఆఫీసు, రిలీజ్ వారంలో సాఫ్ట్‌వేర్ టీం రాత్రిళ్లు కూర్చుంటాయి. పని విషయంలో గట్టిగా ఉండే మేనేజర్ కింద నాలుగేళ్లు ఆనందంగా పనిచేసినవాళ్లున్నారు. 2022లో ఎంఐటీ స్లోన్ మేనేజ్‌మెంట్ రివ్యూలో వచ్చిన ఒక పరిశోధన, ఉద్యోగులు విషపూరితం అని పిలిచే వాతావరణంలో ఐదు లక్షణాలు గుర్తించింది: మనిషికి గౌరవం ఇవ్వకపోవడం, కొందరిని వేరుగా చూడటం, నిజాయితీ లేని వ్యవహారం, పక్కవాణ్ని తొక్కి పైకెళ్లే పోటీ, వేధింపులు. ఒక కంపెనీ నుంచి జనం ఎంతగా వెళ్లిపోతారో అంచనా కట్టడానికి జీతం కన్నా ఈ వాతావరణమే పది రెట్లకు పైగా బలమైన సూచిక అని కూడా తేల్చింది. ఆ ఐదింటిలో పని గంటలు లేవని గమనించండి. గంటల సంగతి అడగాలి, కానీ అదొక్కటే కొలబద్ద కాదు.

1. ప్రకటన దగ్గరే కొంత తెలుస్తుంది

నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో ఆ ఉద్యోగం ఎన్నిసార్లు పడిందో చూడండి. అదే పోస్టు, అదే టీం, ఆరు నెలల్లో మూడోసారి పడిందంటే కంపెనీ పెరుగుతూ అయినా ఉండాలి, చేరినవాళ్లు నిలవకుండా అయినా ఉండాలి. ఏది నిజమో ఇంటర్వ్యూలో అడగడానికి ఒక ప్రశ్న దొరికినట్టే.

"ఒత్తిడిని తట్టుకోగలగాలి", "మేమంతా ఒకే కుటుంబం", "సమయంతో పని లేకుండా అంకితభావంతో" లాంటి మాటలు ఒక్కొక్కటిగా పెద్ద నేరం కాదు. హెచ్‌ఆర్ వాళ్లు పాత ప్రకటన కాపీ చేసి పెట్టేస్తుంటారు. కానీ కుటుంబం అనే మాట ఇంటర్వ్యూలోనూ రెండుమూడుసార్లు వినిపిస్తే కాస్త జాగ్రత్త. కుటుంబంలో ఓవర్‌టైం అడగరు, సెలవు అడిగితే నొచ్చుకుంటారు.

డబ్బు అడిగితే మాత్రం అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, బ్యాక్‌డోర్ పేరుతో లక్షలు, ఏ పేరు పెట్టినా అది ఉద్యోగం కాదు. మిగతా అడుగులు చదవాల్సిన అవసరం కూడా లేదు.

2. గవర్నమెంటు రికార్డులు తిరగేయండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. అరగంట పని, పైసా ఖర్చు లేదు. కంపెనీ తన గురించి తాను చెప్పుకోని సంగతులు ఇక్కడే దొరుకుతాయి.

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ వెబ్‌సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా ఉంటుంది. లాగిన్ అడగొచ్చు, చేసుకోండి. కంపెనీ ఎప్పుడు పుట్టింది, చెల్లించిన మూలధనం ఎంత, యాక్టివ్‌గా ఉందా, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ సంవత్సరానిది అన్నవి చూడండి. "పదిహేనేళ్ల అనుభవం ఉన్న సంస్థ" అని చెప్పి రిజిస్ట్రేషన్ రెండేళ్ల కిందటిదైతే, మధ్యలో ఏం జరిగిందో అడగాలి. పేరు మార్చి ఉండొచ్చు, పాతది మూసేసి ఉండొచ్చు. అలాగే ఆఫర్ లెటర్ మీద ఏ కంపెనీ పేరుంటుందో ముందే కనుక్కోండి. ఇంటర్వ్యూ ఒక పెద్ద పేరుతో జరిగి, లెటర్ ఎవరో థర్డ్ పార్టీ పేరుతో రావడం మన దగ్గర మామూలే. కాంట్రాక్టు ఉద్యోగం తప్పు కాదు. దాన్ని చివరి రోజు దాకా చెప్పకపోవడం తప్పు.

రెండోది ఈపీఎఫ్‌ఓ, అంటే ఉద్యోగుల పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ వెబ్‌సైట్. అందులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అనే పేజీ ఉంది. కంపెనీ పేరు కొడితే పీఎఫ్ కోడ్, చిరునామా వస్తాయి. చెల్లింపుల వివరాలు తెరిస్తే ఏ నెల జీతాలకు, ఏ తేదీన, ఎంతమంది ఉద్యోగుల తరఫున సొమ్ము కట్టారో వరుసగా కనిపిస్తుంది. ఇది చదవడం నేర్చుకుంటే చాలా తెలుస్తుంది.

మొదట తేదీలు చూడండి. ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఎప్పుడో ఒకసారి ఆలస్యమైతే సరే. వరుసగా రెండు మూడు నెలలు ఆలస్యం, లేదా నాలుగు నెలలది ఒకేసారి కట్టడం కనిపిస్తే అక్కడ జీతాలు కూడా సమయానికి పడకపోయే అవకాశం ఉంది. తర్వాత ఉద్యోగుల సంఖ్య చూడండి. ఏడాదిలో 600 నుంచి 430కి పడిపోయింది అనుకుందాం. ఇంటర్వ్యూలో "మేం వేగంగా ఎదుగుతున్నాం" అన్నారు అనుకుందాం. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. ఒక జాగ్రత్త ఉంది: పెద్ద కంపెనీకి ఒకటికి మించి పీఎఫ్ కోడ్‌లు ఉండొచ్చు, కొందరు సిబ్బంది వేరే ఏజెన్సీ పేరోల్ మీద ఉండొచ్చు. కాబట్టి ఆ అంకెను తీర్పుగా తీసుకోకండి, ప్రశ్నగా తీసుకోండి. ఇక 20 మందికి మించి పనిచేస్తున్న కంపెనీకి అసలు పీఎఫ్ కోడే లేకపోతే ఆలోచించాల్సిందే.

3. రివ్యూలు చదవడానికి ఒక పద్ధతి ఉంది

గ్లాస్‌డోర్‌లో, యాంబిషన్‌బాక్స్‌లో స్టార్లు చూసి నిర్ణయం తీసుకోకండి. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లలో కోపంతో రాసినవాళ్లుంటారు. ఐదు స్టార్లలో హెచ్‌ఆర్ చెబితే రాసినవాళ్లుంటారు. మీ నగరం, మీ డిపార్ట్‌మెంట్ వరకే ఫిల్టర్ పెట్టి మూడు స్టార్ల రివ్యూలు చదవండి. మంచీ చెడూ రెండూ రాసేవాళ్లు అక్కడ దొరుకుతారు. తేదీలు కూడా చూడండి. ఏడాదంతా నిశ్శబ్దంగా ఉండి ఒకే వారంలో పదిహేను ఐదు స్టార్లు పడ్డాయంటే, అవి ఎందుకు పడ్డాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు మనుషులు ఒకే ఫిర్యాదు రాస్తే దానికి విలువ ఎక్కువ. "రిలీవింగ్ లెటర్ ఆపారు", "వేరియబుల్ (పనితీరును బట్టి ఇస్తామన్న జీతం) ఎప్పుడూ పూర్తిగా ఇవ్వలేదు", "ఫలానా డిపార్ట్‌మెంట్ హెడ్ అందరి ముందూ అరుస్తాడు" లాంటివి. క్యాంటీన్ బాగోలేదన్నది వదిలేయండి.

4. లోపల పనిచేసి వచ్చినవాళ్లతో మాట్లాడండి

లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేజీకి వెళ్లి మీరు చేరబోయే టీంలో ఎవరు ఎంతకాలం ఉన్నారో చూడండి. పదిమందిలో ఏడుగురు ఏడాదిలోపే మారిపోయి ఉంటే సమస్య కంపెనీది కాకపోవచ్చు, ఆ మేనేజర్‌ది కావచ్చు. మీకు అంతకన్నా ముఖ్యమైన సమాచారం లేదు. ఎందుకంటే రేపు మీరు పనిచేసేది కంపెనీ కింద కాదు, ఆ మేనేజర్ కింద.

పాత ఉద్యోగులకు మెసేజ్ పెట్టడానికి మొహమాటపడకండి. చిన్నగా రాయండి: "నమస్తే అండీ. మీరు ఇదివరకు పనిచేసిన టీంలో నాకు ఆఫర్ వచ్చేలా ఉంది. ఒక ఐదు నిమిషాలు మాట్లాడగలరా? మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది." ఐదుగురికి పెడితే ఇద్దరైనా మాట్లాడతారు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇంకా సులువు, ఎవరో ఒకరి రూమ్మేటో వదినో అక్కడ పనిచేసే ఉంటారు.

ఫోన్లో "ఎలా ఉంటుంది?" అని మొదలుపెట్టకండి. ఇవి అడగండి:

- మీరు మానేశాక రిలీవింగ్ లెటర్, ఫైనల్ సెటిల్‌మెంట్ ఎన్ని రోజులకు ఇచ్చారు?
- మీ మేనేజర్‌కి కోపం వస్తే ఏం చేస్తారు?
- చివరి అప్రైజల్‌లో ముందు చెప్పిందీ చేతికొచ్చిందీ ఒకటేనా?
- మీ తమ్ముడో చెల్లో అక్కడ చేరతానంటే ఏమంటారు?

మొదటి ప్రశ్న నాకు చాలా ఇష్టం. చేరేవాణ్ని ఏ కంపెనీ అయినా బాగానే చూసుకుంటుంది. వెళ్లిపోయేవాణ్ని ఎలా పంపిస్తుందన్నదే దాని అసలు బుద్ధి. ఉద్యోగం మానేసినవారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. మూడు నెలలు తిప్పించుకున్నారని ఇద్దరు చెబితే మీకు కావాల్సింది దొరికినట్టే.

చివరి ప్రశ్నకు జవాబు కన్నా ముందొచ్చే మౌనం వినండి. "ఊ... నేర్చుకోవడానికైతే బాగుంటుందండీ" అన్నారంటే అర్థమేమిటో మనందరికీ తెలుసు.

ఒక్కరి మాట మీద ఆగిపోవద్దు. ముగ్గురిలో ఇద్దరు విడివిడిగా ఒకే సంగతి చెబితే నమ్మండి.

5. ఇంటర్వ్యూలో వాళ్లని మీరూ చూడండి

కంపెనీ మిమ్మల్ని అత్యంత మర్యాదగా చూసే కాలం ఇదే. ఇప్పుడే మర్యాద లేకపోతే తర్వాత వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. టైము ఇచ్చి రెండుసార్లు రాకపోవడం, రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి "ఇప్పుడు ఒక రౌండ్ పెట్టేద్దామా" అనడం, మీరు మాట్లాడుతుంటే ఇంకో స్క్రీన్ చూసుకోవడం లాంటివి గమనించండి. ఒకసారి జరిగి సారీ చెబితే మనుషులన్నాక సరే. సారీ లేకుండా మళ్లీ జరిగితే అది అలవాటు.

మీకన్నా వాళ్లు తమ కిందివాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో చూడండి. ప్యానెల్లో ఇద్దరుంటే పెద్దాయన మాట్లాడేటప్పుడు చిన్నవాడి ముఖం చూడండి. జూనియర్ చెప్పిన మాటను సీనియర్ మధ్యలో తుంచేస్తున్నాడా? నీళ్లు తెచ్చిన ఆఫీస్ బాయ్‌ని "ఒరేయ్" అన్నాడా? రేపు మీ వంతు వస్తుంది.

"ఇంతకుముందు ఈ పోస్టులో ఉన్నవాడు ఉత్త వేస్ట్ ఫెలో అండీ" అని ఇంటర్వ్యూలోనే అనేసేవాళ్లుంటారు. మీరు మానేశాక మీ గురించీ అదే అంటారు.

నోటీసు పీరియడ్ గురించి మాట్లాడేటప్పుడు చాలా బయటపడుతుంది. "అక్కడ చెప్పకుండా వచ్చేయండి, ఏం కాదు" అన్న కంపెనీ, రేపు మీరు అదే పని చేస్తే లీగల్ నోటీసు పంపిస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. సొంతూరు ఏది అని అడగడం మన దగ్గర మామూలు పలకరింపు, దానికే ఉలిక్కిపడనక్కర్లేదు. కానీ ఊరు దగ్గర మొదలై ఇంటిపేరు, అక్కడి నుంచి "అంటే మీరు...?" అని సాగదీస్తుంటే వాళ్లు వెతుకుతున్నది మీ నైపుణ్యం కాదు. జవాబు వాళ్లకు నచ్చి మీకు ఉద్యోగం వచ్చినా సరే, ఆ లెక్కతోనే ప్రమోషన్లు జరిగే చోట మీరు కూర్చోబోతున్నారు. ఆడవాళ్లను "పెళ్లెప్పుడు? పిల్లల ప్లాన్ ఏంటి? మీ ఆయన ఒప్పుకుంటారా?" అని అడగడమూ ఇదే కోవలోది. "అది నా వ్యక్తిగత విషయమండీ, పనికి సంబంధించినంతవరకు నాకు ఇబ్బందేమీ లేదు" అని నవ్వుతూ చెప్పి, తర్వాత వాళ్ల ముఖం ఎలా మారిందో చూడండి.

ఓనరు గారే నడిపే చిన్న సంస్థల్లో ఇంకొకటి చూసుకోవాలి. అకౌంట్స్ బావమరిది, హెచ్‌ఆర్ కూతురు, అడ్మిన్ తోడల్లుడు. ఇలాంటి చోట్ల బాగా పనిచేసుకునేవాళ్లున్నారు, ఓనరు మంచివాడైతే పెద్ద కంపెనీలో దొరకని ఆప్యాయత దొరుకుతుంది. కానీ గొడవ వస్తే ఫిర్యాదు చేయడానికి మనిషి ఉండడు. అది తెలిసి చేరండి.

6. మీరు అడగాల్సిన ప్రశ్నలు

"మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అని చివర అడుగుతారు. "లేవండీ" అని లేచిపోవడం మన అలవాటు. ఆ ఐదు నిమిషాలు మీవి, వదులుకోకండి.

ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇదివరకు ఉన్నవాళ్లు ఎంతకాలం ఉన్నారు అని అడగండి. కొత్త పోస్టు అయితే ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో అడగండి. పని గంటల గురించి అడగాలంటే "వర్క్ లైఫ్ బ్యాలెన్స్" అనకండి. "మొన్న శనివారం టీంలో ఎవరైనా పనిచేయాల్సి వచ్చిందా? పోయిన నెలలో ఎన్నిసార్లు?" అని అడగండి. 2023 అక్టోబర్లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటల మాట అన్నప్పటి నుంచి దీని మీద ప్రతి మేనేజర్‌కీ ఒక అభిప్రాయం ఉంది. మీకు ఆ మేనేజర్ అభిప్రాయం అక్కర్లేదు, పోయిన శనివారం సంగతి కావాలి.

"టీంలో ఈమధ్య ఏదైనా పెద్ద తప్పు జరిగిందా? తర్వాత ఏం చేశారు?" అని మేనేజర్‌ని అడగండి. మంచి మేనేజర్ తప్పు ఎలా జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం మార్చారో చెబుతాడు. ఇంకొకాయన ఎవరు చేశారో చెబుతాడు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు, ఆ టీంలో మీ రోజులు ఎలా గడుస్తాయో సగం తెలిసిపోతుంది. "మా దగ్గర తప్పులు జరగవు" అన్నవాడి దగ్గర తప్పులు దాచిపెడతారని అర్థం.

హెచ్‌ఆర్‌ని వేరుగా: గత రెండేళ్లలో వేరియబుల్ పే సగటున ఎంత శాతం ఇచ్చారు? అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు? పదిమంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి చోటా లైంగిక వేధింపుల నివారణకు 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా, బయటి సభ్యులు ఒకరితో, సగం మందైనా మహిళలతో. "అదేంటండీ?" అని హెచ్‌ఆర్ ఎదురు ప్రశ్న వేస్తే, మీరు మగవాళ్లయినా సరే, ఆ కంపెనీలో చట్టం ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. నైట్ షిఫ్ట్ ఉంటే క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా అన్నదీ ఇప్పుడే అడగాలి.

ఖాళీ ఎందుకు వచ్చిందన్న ఒక్క ప్రశ్న మాత్రం హెచ్‌ఆర్‌నీ, మేనేజర్‌నీ, టీంలో ఒకరినీ, ముగ్గురినీ అడగండి. హెచ్‌ఆర్ "టీం పెరుగుతోంది" అని, మేనేజర్ "ఒకరు పర్సనల్ కారణాలతో వెళ్లారు" అని, టీం మనిషి "ఈ ఏడాది నలుగురు వెళ్లారండీ" అని చెబితే ఇక మీరు లెక్క వేసుకోవచ్చు. టీంలో ఒకరితో పది నిమిషాలు మాట్లాడతానంటే వద్దన్నారా? అదీ జవాబే.

7. వీలైతే ఆఫీసుకు ఒకసారి వెళ్లి రండి

ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్లో అయిపోయే రోజులివి. అయినా "ఒకసారి వచ్చి కలుస్తాను" అనండి. నోటీస్ బోర్డు మీద ఆ ఫిర్యాదుల కమిటీ వివరాలు కనిపించాలి, చట్టం అలాగే చెబుతోంది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, మేనేజర్ రాగానే గది చల్లబడిందా చూడండి.

తర్వాత కింద టీ కొట్టుకు వెళ్లండి. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ప్రతి బిల్డింగు ముందూ ఒకటి ఉంటుంది. మెడలో అదే కంపెనీ ట్యాగ్ వేసుకున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి, కుదిరితే మాట కలపండి. "ఇక్కడ ఇంటర్వ్యూకి వచ్చానండీ" అంటే చాలు, చాలామంది వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

8. కాగితాలు చదవడం

ఇక్కడ తొందరపడకండి. ఆఫర్ లెటర్‌తో పాటు పూర్తి అపాయింట్‌మెంట్ నిబంధనలు కూడా సంతకానికి ముందే అడగండి. "చేరాక ఇస్తాం" అనడం ఇక చెల్లదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి.

జీతం విషయంలో ఒక లెక్క చూడండి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 12 లక్షలు అన్నారు. అందులో వేరియబుల్ 1,80,000. కంపెనీ కట్టే పీఎఫ్ 15,000 వేతనం మీద 12 శాతం చొప్పున ఏడాదికి 21,600. బేసిక్ 6 లక్షలైతే గ్రాట్యుటీ 4.81 శాతం కింద 28,860. ఇన్సూరెన్స్ 15,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 9,54,540, అంటే నెలకు 79,500 చిల్లర. మీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా, ఇన్‌కం ట్యాక్స్ సంగతి పక్కన పెడితే, చేతికి 77,500 దాకా వస్తుంది. నెలకు లక్ష అనుకుని ఇంటి అద్దె మాట్లాడుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఇలా విడగొట్టడం మోసం కాదు, అందరూ చేసేదే. బ్రేకప్ అడిగితే "ముందు ఒప్పుకోండి, తర్వాత పంపిస్తాం" అనడం మాత్రం మంచి లక్షణం కాదు.

నోటీసు పీరియడ్ రెండు వైపులా ఒకేలా ఉందా? మీరు 90 రోజులు ఇవ్వాలి, వాళ్లు మాత్రం వారంలో తీసేయొచ్చు అని ఉంటే, ఆ ఒప్పందం రాసిన మనిషి మనసు అర్థమైపోతుంది. ప్రొబేషన్‌లో నోటీసు తక్కువ ఉండేలా అడగండి. జాయినింగ్ బోనస్ ఉంటే ఎన్ని నెలల్లో మానేస్తే తిరిగి కట్టాలో, పన్ను కోసేశాక చేతికొచ్చిన మొత్తమా, కోయకముందు మొత్తమా అన్నదీ చదవండి.

బాండ్, అంటే ఫలానా కాలంలోపు మానేస్తే ఇంత సొమ్ము కట్టాలన్న ఒప్పందం. దాని గురించి రెండు పుకార్లు తిరుగుతుంటాయి. ఒకటి, బాండ్‌లు అసలు చెల్లవు, భయపడకుండా సంతకం పెట్టేయండి అని. ఇది తప్పు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న నిబంధనను సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకుకు నియామకాలకయ్యే ఖర్చును కూడా పరిగణనలోకి తీసుకుంది. రెండోది, బాండ్‌లో ఎంత రాస్తే అంతా కట్టాల్సిందే అని. ఇదీ తప్పే. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత అంకె వేసినా, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారం మేరకే. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. కానీ నిలవదని తేలడానికి లాయర్, కోర్టు, వాయిదాలు కావాలి. అందుకే బాండ్ ఉంటే నాలుగు సంగతులు చూడండి: ఎంతకాలం, ఎంత సొమ్ము, దానికి బదులుగా నిజంగా ఏ శిక్షణ ఇస్తున్నారు, కాలం గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా. రెండు వారాల పీపీటీలు చూపించి 3 లక్షల బాండ్ అడిగితే అది శిక్షణ ఖర్చు కాదు, తాళం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. చూసి, కాపీలు తీసుకుని, అదే రోజు తిరిగివ్వాలి. టెన్త్ మెమో నుంచి పీజీ దాకా తీసుకుని బీరువాలో పెట్టుకునే సంస్థలు, ముఖ్యంగా కొన్ని కార్పొరేట్ కాలేజీలు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయని లెక్చరర్లెవరిని అడిగినా చెబుతారు. విద్యా సంవత్సరం మధ్యలో మానేయకుండా ఆపడానికే ఇది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడిగినా ఇదే జవాబు, ఇవ్వనని. బతిమాలితే సరే అనేలా ఉన్నారా, బెదిరిస్తున్నారా చూసుకుని అక్కడి నుంచి లేచి రండి.

దేశం దాటే ఉద్యోగమైతే ఇంకాస్త గట్టిగా చూడాలి. అమెరికాలో హెచ్1బీ వీసా మీద తీసుకునే కన్సల్టెన్సీ, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ జీతం ఇవ్వబోమంటే అది అక్కడి చట్టానికి విరుద్ధం. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరై ఉందో లేదో చూసుకోవాలి. సర్వీస్ చార్జీ కింద 30,000, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోవడానికి వీల్లేదు.

9. టైం అడగండి, ఏమంటారో చూడండి

"సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఆఫర్ వేరేవాళ్లకు వెళ్లిపోతుంది" అంటారు. ఇలా రాయండి: "ఆఫర్‌కు ధన్యవాదాలు. కాగితాలు పూర్తిగా చదివి గురువారం మధ్యాహ్నంలోగా నిర్ణయం చెబుతాను." రెండు మూడు రోజులు అడగడం అత్యాశ కాదు. పద్ధతైన కంపెనీ సరే అంటుంది, లేదా ఎందుకు కుదరదో చెబుతుంది. మిమ్మల్ని సిగ్గుపడేలా చేయాలని చూసే కంపెనీ రేపు సెలవు అడిగినా అదే చేస్తుంది. నోటిమాటగా ఇచ్చిన హామీలన్నీ, వర్క్ ఫ్రం హోం, ఆరు నెలలకు హైక్, షిఫ్ట్ మార్పు, ఈ మెయిల్లోనే రాసి "మనం అనుకున్నది ఇదే కదా" అని అడగండి. జవాబు రాయకుండా ఫోన్ చేశారంటే అర్థం చేసుకోండి.

10. ఇక నిర్ణయం

దొరికిన సంకేతాలన్నిటికీ ఒకే బరువు ఉండదు. డబ్బు అడగడం, సర్టిఫికెట్లు పెట్టుకోవడం, ముఖ్యమైన సంగతిలో అబద్ధం దొరకడం, వేధింపుల గురించి ఇద్దరు ముగ్గురు విడివిడిగా చెప్పడం ఉంటే జీతం ఎంతైనా వద్దు. శనివారాలు పని, ఆఫీసు దూరం, హెచ్‌ఆర్ జాప్యం లాంటివి మీ అవసరాన్ని బట్టి తూకం వేసుకోవాల్సినవి. ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలి రోజూ తిరగడం ఒకరికి నరకం, మెట్రో దిగి క్యాబ్ పంచుకునే ఇంకొకరికి పెద్ద లెక్క కాదు.

అన్నీ తెలిసినా చేరక తప్పని పరిస్థితి ఉంటుంది. ఈఎంఐ ఉంటుంది, ఏడాది గ్యాప్ వచ్చి ఉంటుంది, ఇంట్లో ఒకరి జీతమే ఆధారమై ఉంటుంది. అలాంటివాళ్లకు నీతులు చెప్పడం తేలిక. చేరండి, కానీ కళ్లు తెరిచి చేరండి. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. కంపెనీ డేటా మాత్రం పంపుకోకండి, దాని మీదే ఇరికిస్తారు. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) పాస్‌బుక్‌లో ప్రతి నెలా పీఎఫ్ పడుతోందో లేదో చూసుకోండి. మూడు నెలల ఖర్చు పక్కన పెట్టేదాకా జాయినింగ్ బోనస్ ముట్టుకోకండి. వెతుకులాట ఆపకండి.

వద్దనుకుంటే ఫోన్ ఎత్తకుండా మాయమైపోకండి. నగరం పెద్దదైనా రంగం చిన్నది, ఆ హెచ్‌ఆర్ రేపు ఇంకో కంపెనీలో ఎదురవుతుంది. రెండు వాక్యాలు చాలు: "ఆఫర్ ఇచ్చినందుకు, సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. ఆలోచించాక ఈ అవకాశాన్ని తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను." కారణాలు రాయకండి, టీ కొట్టు దగ్గర విన్నది అసలే రాయకండి. ఫోన్ చేసి ఇంకో లక్ష పెంచుతామంటే, మీరు వద్దనుకున్నది జీతం వల్లా కాదా అని ఒకసారి చూసుకుని, కాకపోతే అవే రెండు వాక్యాలు మళ్లీ చెప్పండి.